పాలకుర్తి ప్రాంతములో భూమి హక్కులు, ఊళ్ళ పాలన

పాలకుర్తి, తెలంగాణ రాష్ట్రము, జనగామ జిల్లాకు చెందిన ఒక గ్రామము మరియు మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఈ మండలము వరంగల్ జిల్లాలో ఉండేది. ఈ వ్యాసము పాలకుర్తి పరిసర ప్రాంతములో భూమి ఎవరి పేరున నమోదైనది, ఎవరి సాగులో ఉన్నది, ఆ నమోదు ఎవరి చేతిలో ఉన్నది అనే విషయమును, ఆ ఊళ్ళ పాలన కాలక్రమమున మారిన తీరును వివరిస్తుంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమునకు దారితీసిన సంఘటనలలో ముఖ్యమైన ఐలమ్మ భూమి తగాదా ఈ ఊరిలోనే జరిగినది.

ఉనికి, పాలనా విభాగాలు

పాలకుర్తికి పడమరగా జనగామ, ఉత్తరముగా స్టేషన్ ఘన్‌పూర్, తూర్పు వైపున తొర్రూరు ఉన్నాయి. ఊరి గుట్టపై సోమేశ్వర లక్ష్మీనరసింహ స్వామి ఆలయము ఉన్నది. ద్విపద కావ్యములను రచించిన పాల్కురికి సోమనాథుడు ఈ ఊరివాడని ప్రసిద్ధి. భాగవతమును తెనిగించిన పోతన గ్రామముగా చెప్పుకొనే బమ్మెర కూడా ఈ మండలములోనిదే. రాజులను ఆశ్రయింపక పోతన వ్యవసాయము చేసుకొని బ్రతికెనని చెప్పే కథ ఈ ప్రాంతములో ప్రతి పిల్లవానికీ తెలుసు.

పాత రికార్డులను వెదికేవారు ముందుగా ఒక విషయము గమనించవలెను. నిజాం కాలములో పాలకుర్తి, జనగామ తాలూకాలో ఉండేది. ఆ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు జనగామ తాలూకాను వరంగల్ జిల్లాలో చేర్చారు. 1985లో తాలూకాలు రద్దయి మండలాలు వచ్చాయి. 2016లో జనగామ స్వయముగా జిల్లా అయినది. ఈ విధముగా ఊరు కదలకుండానే జిల్లా పేరు రెండుసార్లు మారినది. సాయుధ పోరాటమును గురించిన పుస్తకాలలో పాలకుర్తి, విస్నూరు, కడవెండి గ్రామాలు నల్లగొండ జిల్లా కింద కనబడటానికి కారణము ఇదే.

శాసనసభ నియోజకవర్గాల పునర్విభజన తరువాత 2009 ఎన్నికల నుండి పాలకుర్తి పేరున ఒక నియోజకవర్గము ఉన్నది. 2016 తరువాత దీని మండలాలు మూడు జిల్లాలలోకి విడిపోయాయి. పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల జనగామ జిల్లాలోను, రాయపర్తి వరంగల్ జిల్లాలోను, తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాద్ జిల్లాలోను ఉన్నాయి. ఒకే శాసనసభ్యునికి ఓటు వేసిన ఇరుగుపొరుగు రైతులు భూమి ఫిర్యాదుల కొరకు వేర్వేరు కలెక్టర్ల వద్దకు వెళ్ళవలసి వస్తుంది.

నిజాం కాలపు భూమి పద్ధతులు

హైదరాబాదు సంస్థానములోని భూములు స్థూలముగా మూడు విధములుగా ఉండేవి. ప్రభుత్వమే నేరుగా శిస్తు వసూలు చేసే భూములను ఖాల్సా లేదా దివానీ భూములు అనేవారు. ఇవి మొత్తములో దాదాపు 60 శాతము. జాగీర్దార్ల చేతిలో ఉన్న భూములు దాదాపు 30 శాతము. నిజాం స్వంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు దాదాపు 10 శాతము.

జాగీరు భూములలో రైతుకు హక్కులు లేవని, దివానీ భూములలో రైతే పట్టాదారు కనుక అక్కడ స్థితి మెరుగని పైకి తోచవచ్చును. పాలకుర్తి ప్రాంతము ఆ ఊహ పొరపాటని చూపుతుంది. ఇక్కడి పీడన ప్రధానముగా జాగీర్దార్ల వలన కాక, దేశ్‌ముఖుల వలన వచ్చినది.

దేశ్‌ముఖులు మొదట భూమికి యజమానులు కారు. వారు పరగణాలలో శిస్తు వసూలు చేసి ప్రభుత్వమునకు చెల్లించే వంశపారంపర్య వసూలుదార్లు. దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ ప్రవేశపెట్టి, జిల్లాలను, తాలూకాలను ఏర్పరచి, జీతము తీసుకునే ఉద్యోగులను నియమించెను. వసూలు పని పోయినందుకు దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు రుసుము అనే పేరున ఏటేటా నగదు ముట్టేది. పని పోయినా పలుకుబడి పోలేదు. తరువాత భూముల సర్వే, బందోబస్తు జరిగినప్పుడు ఏ భూమి ఎవరి పేరున వ్రాయాలో చెప్పగలిగిన స్థానములో ఉన్నవారు వీరే. తరతరాలుగా దున్నుతున్న రైతు, ఆ రాతతో కౌలుదారుగా మిగిలిపోయిన సందర్భాలు అనేకము. ఒక్క ఎకరము కూడా కొనకుండా వేల ఎకరాలకు పట్టాదారు అయ్యే మార్గము ఇట్లా ఏర్పడినది.

పట్వారీ రాత

ఊరిలో ముగ్గురు వతన్‌దార్లు ఉండేవారు. మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు. పోలీస్ పటేల్ శాంతిభద్రతలు చూసేవాడు. పట్వారీ లెక్కలు వ్రాసేవాడు. వీరు వంశపారంపర్యముగా వచ్చే ఉద్యోగులు. ముగ్గురిలో బలవంతుడు కర్ర పట్టిన పటేల్ కాదు, కలము పట్టిన పట్వారీయే.

బందోబస్తు నాటి మూల రిజిస్టరును సేత్వార్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, మొదటి పట్టాదారు పేరు అందులో ఉంటాయి. ప్రతి సంవత్సరము వ్రాసే పంట లెక్కను పహాణీ అంటారు. పహాణీలో పట్టాదారు పేరుకు ఒక గడి, ఆ సంవత్సరము వాస్తవముగా సాగుచేసినవాని పేరుకు మరొక గడి ఉంటాయి. ఈ రెండవ దానిని వాడుకలో కాస్తు కాలమ్ అంటారు. ఆస్తి తగాదాలలో సగము ఈ రెండు గడుల మధ్యనే పుడతాయి. మొదటి గడిలోని పేరు మార్చాలంటే పై అధికారి ఉత్తర్వు కావలెను. రెండవ గడిలో పేరు వ్రాయడానికి పట్వారీ పొలము మీదికి వెళ్ళి చూడవలెనని నియమము. వెళ్ళకుండా ఇంట కూర్చుని వ్రాసినా అడిగేవారు ఉండేవారు కారు.

చదువు రాని రైతుకు తన పేరు ఉన్నదో లేదో తెలిసేది కాదు. రికార్డు ఉర్దూలో ఉండటము వలన చదువుకున్న తెలుగు రైతు కూడా పట్వారీ చెప్పినదే నమ్మవలసి వచ్చేది. ఆంధ్ర మహాసభ తొలి రోజుల్లో తెలుగు బడులు, గ్రంథాలయాలు కావాలని కోరినది. ఆ కోరికకు భాషాభిమానము ఒక్కటే కారణము కాదు.

విస్నూరు దేశ్‌ముఖ్, ఐలమ్మ కౌలు భూమి

విస్నూరు నేడు పాలకుర్తి మండలములోని గ్రామము. 1940ల నాటి విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి. పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథములో ఇచ్చిన లెక్క ప్రకారము ఇతని భూమి 40,000 ఎకరాలు. (భూదానోద్యమములో పోచంపల్లి వద్ద 1951 ఏప్రిల్ 18న 100 ఎకరాలు దానము చేసిన వెదిరె రామచంద్రారెడ్డి వేరు. పేర్లు ఒకటే అగుటచే విద్యార్థులు తరచుగా పొరబడుతుంటారు.) ఇతని అధికారము కింది గ్రామాలలో అన్ని వృత్తులవారు గడీకి వెట్టి చేయవలసి ఉండేది. చాకలివారు బట్టలు ఉతకడముతో పాటు గడీలో ఇతర చాకిరీ కూడా చేసేవారు. వెట్టికి కూలి ఉండదు.

ఐలమ్మ వరంగల్ జిల్లా, రాయపర్తి మండలములోని కృష్ణాపురములో జన్మించినది. భర్త చిట్యాల నరసింహ. కాపురము పాలకుర్తిలో. కులవృత్తిని బట్టి ఆమెకు చాకలి ఐలమ్మ అనే పేరు స్థిరపడినది. ఈ కుటుంబము మల్లంపల్లి భూస్వామి కొండలరావు వద్ద, పాలకుర్తిలో అతనికి గల భూమిలో 40 ఎకరాలు కౌలుకు తీసుకొన్నది. అందులో నాలుగు ఎకరాలు సాగులోకి తెచ్చుకొన్నది. వెట్టి చేయవలసిన కులమువారు స్వంతముగా కౌలు మాట్లాడుకొని వ్యవసాయదారులు కావడమే ఆనాటి ఊరిలో ఒక ధిక్కారము. పాలకుర్తి పట్వారీ వీరమనేని శేషగిరిరావు ఐలమ్మను కుటుంబముతో సహా వచ్చి తన పొలములో పనిచేయవలెనని ఒత్తిడి చేయగా ఆమె నిరాకరించినది. అప్పటికే ఆ కుటుంబము ఆంధ్ర మహాసభలో చేరినది. ఊళ్ళలో దీనిని 'సంగం' అని పిలిచేవారు.

ఆ తరువాత జరిగినది ఈ వ్యాస విషయమునకు ముఖ్యము. దేశ్‌ముఖ్ మొదట మనుషులను పంపలేదు. పట్వారీని పిలిపించి, ఐలమ్మ కౌలుకు చేస్తున్న భూమిని తన పేరున వ్రాయించుకొనెను. కాగితము తన పేరున ఉన్నది కనుక భూమి తనది, భూమి తనది కనుక పంట తనది అని వాదన. పంట కోతకు వచ్చిన తరువాతనే పొలము మీదికి వందమంది మనుషులను పంపెను. భీమ్‌రెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు మొదలైన ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, సంగం వాలంటీర్లు వచ్చినవారిని అడ్డుకొని, తామే వరి కోసి, కొట్టి, ధాన్యమును ఐలమ్మ ఇంటికి చేర్చారు. తరువాత ఆమె ఇంటిని తగులబెట్టారు. ధాన్యమును ఎత్తుకొనిపోయారు. కుటుంబము ఘోరమైన హింసలకు గురియైనది. ఐలమ్మ మాత్రము కౌలు వదులుకోలేదు.

ఇక్కడ ఐలమ్మ కోరినది పట్టా కాదు. ఆమె భూమి తనదని వాదించలేదు. కౌలు ఇచ్చినవాడు వేరే ఉన్నాడు, కౌలు తాను చెల్లిస్తున్నది, కనుక పండించిన ధాన్యము తన ఇంటికి రావలెను. ఆమె పట్టుదల ఇంతవరకే. దున్నేవానికి భూమి అనే నినాదముతో ఆమె పేరును కలిపి చెప్పడము వాడుక అయినది. కాని కౌలుదారు హక్కు అనేది పట్టాదారు హక్కు కంటె వేరైనదని, దానికి కూడా రక్షణ కావలెనని ఈ తగాదా స్పష్టముగా చూపినది.

1946 జూలై 4న ఇదే దేశ్‌ముఖ్ ఏలుబడిలోని కడవెండిలో (నేటి దేవరుప్పుల మండలము) ఊరేగింపుపై జరిగిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. దానితో ఉద్యమము సాయుధ పోరాటముగా మారినది. పోరాట కాలములో సుమారు 3,000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకుల లెక్క. 1951 అక్టోబరులో పోరాటమును విరమించారు. పంచిన భూములలో చాలా భాగమునకు కాగితము లేదు. భూస్వాములు తిరిగివచ్చిన చోట్ల ఆ భూములు నిలువలేదు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించినది. 2024లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టినది.

1948 తరువాతి చట్టాలు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైనది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ మరియు వ్యవసాయ భూముల చట్టము వచ్చినది. ఈ చట్టము నిర్ణీత కాలము సాగుచేసిన కౌలుదారును రక్షిత కౌలుదారుగా గుర్తించినది. అతనిని ఇష్టానుసారము తొలగించరాదు. భూమిని కొనుక్కొనే హక్కు కూడా అతనికి ఉన్నది. 38-ఇ సెక్షను కింద ఇచ్చిన ధ్రువపత్రముతో రక్షిత కౌలుదారులు పట్టాదారులు కాగలిగారు. ఆ పత్రాలపై వ్యాజ్యాలు తరువాతి తరముల వరకు కోర్టులలో నడిచాయి. చట్టము ఎంత మంచిదైనను, కౌలు చేసినట్లు చూపవలసినది మళ్ళీ పట్వారీ వ్రాసిన లెక్కయే. పేరు ఎక్కని కౌలుదారుకు చట్టము అందలేదు.

1954-55లో ప్రతి సర్వే నంబరుకు ఖాస్రా పహాణీ తయారు చేశారు. ఇప్పటికీ తెలంగాణ భూమి తగాదాలలో వకీళ్ళు మొదట అడిగేది ఈ పహాణీనే. 1955లో ఇనాముల రద్దు చట్టము, 1973లో భూసంస్కరణల చట్టము వచ్చాయి. భూసంస్కరణల చట్టము ఒక కుటుంబము ఉంచుకోదగిన భూమిని నేల రకమును బట్టి తరికి 10 నుండి 27 ఎకరాలు, ఖుష్కికి 35 నుండి 54 ఎకరాలుగా నిర్ణయించినది. బినామీ పేర్లు, పాత తేదీలతో పంపకాలు ఈ చట్టమును చాలా మేరకు నిర్వీర్యము చేశాయి. ప్రభుత్వము పేదలకు ఇచ్చిన భూమిని తెలంగాణలో లావుని పట్టా అంటారు. 1977 నాటి చట్టము ప్రకారము దీనిని అమ్మరాదు, కొనరాదు.

వంశపారంపర్య పటేల్, పట్వారీ వ్యవస్థను 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వము రద్దు చేసినది. ఊరి లెక్కలు జీతము తీసుకొనే ఉద్యోగుల చేతికి వచ్చాయి. వారి పేరు పలుమార్లు మారి చివరకు గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) అయినది. పట్వారీ పోయినాడు గాని అతని పుస్తకాలు కొన్ని చోట్ల పట్వారీ ఇంటిలోనే ఉండిపోయాయి.

సాదా బైనామా

భూమి అమ్మకమునకు రిజిస్ట్రేషను అవసరమని చట్టము. ఊళ్ళలో నడిచిన పద్ధతి వేరు. ఒక తెల్లకాగితము మీద అమ్మిన సంగతి, సర్వే నంబరు, హద్దులు, ముట్టిన పైకము వ్రాసి, ఇద్దరు ముగ్గురు సాక్షులతో సంతకాలు, వేలిముద్రలు వేయించేవారు. దీనినే సాదా బైనామా అంటారు. కొన్నవాడు ఆనాటి నుండి దున్నుకొనేవాడు. ఇచ్చిన మాట నిలిచినంత కాలము కాగితముతో పని పడేది కాదు. అమ్మినవాడు చనిపోయి, అతని కొడుకులు పట్నము నుండి వచ్చి, రికార్డులో నాన్న పేరే ఉన్నదని చూచుకొన్నప్పుడు తగాదా మొదలయ్యేది. ఎకరము ధర పెరిగిన కొద్దీ ఇటువంటి తగాదాలు పెరిగాయి.

1971 నాటి హక్కుల రికార్డు చట్టములోని 5-ఎ సెక్షను ఇటువంటి కొనుగోళ్ళను క్రమబద్ధము చేసే వీలు కల్పించినది. తెలంగాణ ప్రభుత్వము 2016లోను, 2020లోను దరఖాస్తులు తీసుకొన్నది. 2020లో కొత్త చట్టము వచ్చి పాత చట్టము రద్దగుటచే ఆ దరఖాస్తులు హైకోర్టు ఉత్తర్వులతో ఆగిపోయాయి. 2025 నాటి భూ భారతి చట్టము వీటి పరిష్కారమునకు మళ్ళీ అవకాశము ఇచ్చినది.

కంప్యూటరు రికార్డులు

2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము భూ రికార్డుల ప్రక్షాళన చేపట్టినది. తగాదా లేని భూములను ఒక భాగములోను, తగాదా ఉన్నవాటిని 'పార్ట్ బి'లోను చేర్చారు. పార్ట్ బి లోని భూములకు పాసు పుస్తకాలు ఆగిపోయాయి. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు పథకము పాసు పుస్తకము ఉన్నవారికే వర్తించినది. ఆ విధముగా ఒక గడిలోని అక్షరము నేరుగా డబ్బుతో ముడిపడినది.

2020లో వీఆర్వో వ్యవస్థను రద్దుచేసి, అదే సంవత్సరము అక్టోబరు 29న ధరణి అనే పోర్టలును ప్రారంభించారు. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయములోనే జరిగి, కొన్నవాని పేరు వెంటనే రికార్డుకు ఎక్కేది. ఇది నిజముగా మేలైన మార్పు. వెనుకటి రోజుల్లో పేరు మార్పిడి కొరకు రైతులు నెలల తరబడి తిరిగేవారు. కాని ధరణిలో తప్పు పడితే దిద్దే అధికారము తహసీల్దారుకు లేకపోయినది. చిన్న అక్షరదోషమునకు కూడా జిల్లా కలెక్టరుకు దరఖాస్తు చేయవలసి వచ్చినది. సాగుచేసేవాని పేరు వ్రాసే గడిని కూడా తొలగించారు. పట్వారీ దుర్వినియోగము చేసిన ఆ గడి వలననే అనేకమంది కౌలుదారులు ఒకప్పుడు హక్కులు నిరూపించుకొన్నారనే సంగతిని మరువరాదు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానములో భూ భారతి వచ్చినది. తప్పుల సవరణకు తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు స్థాయిలలో అధికారాలు, అప్పీలు చేసుకొనే వీలు ఇందులో ఉన్నాయి. గ్రామ పాలన అధికారులను కూడా 2025లో నియమించారు.

ఊరి లోపలి స్థలము

పైన చెప్పినదంతా సర్వే నంబర్లు ఉన్న పొలాలకు సంబంధించినది. ఇండ్లు ఉన్న చోటును గ్రామకంఠము లేదా ఆబాదీ అంటారు. నిజాం నాటి బందోబస్తు శిస్తు కొరకు జరిగినది. ఇంటి స్థలమునకు శిస్తు లేదు. అందుచేత ఆబాదీని చుట్టుకొలిచి ఒకే ముక్కగా వదిలివేశారు. లోపల ఎవరి ఇల్లు ఎక్కడ అన్నది వ్రాయలేదు. తాత కట్టిన ఇంటిలో మనుమడు ఉన్నా అది తనదని చూపడానికి పంచాయతీ ఇంటి పన్ను రశీదు, ఇంటి నంబరు తప్ప మరేమీ ఉండవు. పన్ను రశీదు పన్ను కట్టినదానికే సాక్ష్యము, యాజమాన్యమునకు పూర్తి సాక్ష్యము కాదు. బ్యాంకులు ఇటువంటి ఇండ్లపై అప్పు ఇవ్వడానికి వెనుకాడుతాయి.

ఊరు పెరిగి పొలాల మీదికి వచ్చినప్పుడు కొలత కూడా మారుతుంది. పొలమును ఎకరాలు, గుంటలలో కొలుస్తారు. 40 గుంటలు ఒక ఎకరము. గుంట అంటే 121 చదరపు గజాలు. రోడ్డు పక్క పొలము ఇండ్ల స్థలాలైన నాటి నుండి దానిని గజాలలో అమ్ముతారు. నియమము ప్రకారము ముందుగా వ్యవసాయేతర భూమిగా మార్పిడి రుసుము చెల్లించవలెను. 2006 నాటి చట్టముతో వచ్చిన ఈ మార్పిడిని వాడుకలో 'నాలా' అంటారు. తరువాత లేఅవుటుకు అనుమతి తీసుకొని రోడ్లకు, ఖాళీ స్థలాలకు భాగము వదలవలెను. ఇవేమీ లేకుండా పొలమును గుంటల లెక్కన ముక్కలుచేసి అమ్మిన చోట, కొన్నవాని కాగితములో అది ఇంకా పొలమే. ఇల్లు కట్టుకొనే వేళ అనుమతి దొరకదు.

పంచాయతీ, పురపాలక సంఘము

మండల కేంద్రము, నియోజకవర్గ కేంద్రము అయినప్పటికీ పాలకుర్తి గ్రామ పంచాయతీగానే పాలన సాగించినది. చుట్టుపక్కల ఊళ్ళు పట్టణాలైనాయి. జనగామ పాత పురపాలక సంఘము. తొర్రూరు 2018లోను, స్టేషన్ ఘన్‌పూర్ 2025లోను పురపాలక సంఘాలైనాయి. వరంగల్ 1994లో నగరపాలక సంస్థగాను, 2015లో గ్రేటర్ వరంగల్‌గాను మారినది.

ఊరు పట్టణమైతే భూమి మీద హక్కు మారదు. హక్కును నమోదుచేసే, పన్ను వేసే, అనుమతి ఇచ్చే కార్యాలయము మారుతుంది. గ్రామములో 2018 పంచాయతీరాజ్ చట్టము, పట్టణములో 2019 పురపాలక చట్టము వర్తిస్తాయి. సర్పంచిని ఓటర్లు నేరుగా ఎన్నుకొంటారు. పురపాలక అధ్యక్షుని వార్డు సభ్యులు ఎన్నుకొంటారు. పట్టణములో ఇంటి పన్ను ఎక్కువ. అయితే 75 చదరపు గజముల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్ను చాలునని 2019 చట్టము చెప్పినది. వీధి దీపాలు, మురుగు కాల్వలు, తాగునీటికి నిధులు పెరుగుతాయి. మరోవైపు ఉపాధి హామీ పని గ్రామాలకే పరిమితము. పట్టణములో కలిసిన శివారు పల్లెల కూలీలకు ఆ పని పోయినది. పురపాలక సంఘము కావాలని ఊరి నడిబజారులోని దుకాణదార్లు కోరితే, వద్దని శివారు పల్లెలవారు కోరడములో వింత లేదు. 2018లో 500 జనాభా దాటిన తండాలను ప్రత్యేక పంచాయతీలుగా చేయడము వలన ఈ ప్రాంతములోని లంబాడీ తండాలు కొన్ని పెద్ద ఊరి పాలన నుండి వేరుపడ్డాయి.

మెక్సికోతో పోలిక

పట్టణమునకు, పల్లెకు ఇట్లా వేర్వేరు పాలన అన్ని దేశాలలో లేదు. మెక్సికోలో రాష్ట్రమంతా మునిసిపాలిటీలుగా విభజించబడి ఉంటుంది. ఒక మునిసిపాలిటీలో పట్టణముతో పాటు చుట్టూ ఉన్న పల్లెలు, పొలాలు కూడా ఉంటాయి. పసిఫిక్ తీరములోని సినలోవా రాష్ట్రములో మజత్లాన్ పేరు ఓడరేవు నగరమునకూ, పల్లెలతో కూడిన ఆ మునిసిపాలిటీకీ ఒక్కటే. పల్లె పట్టణముగా మారిందా అనే ప్రశ్న అక్కడ ఈ రూపములో రాదు.

భూమి విషయములో మాత్రము పోలిక దగ్గరది. మెక్సికో విప్లవము తరువాత 1917 రాజ్యాంగములోని 27వ అధికరణము పెద్ద కమతాలను విడగొట్టి ఊరి రైతులకు ఉమ్మడిగా ఇచ్చే మార్గము తెరిచినది. ఈ ఉమ్మడి భూమిని ఎహీదో అంటారు. రైతు దున్నుకోవచ్చును, పిల్లలకు ఇవ్వవచ్చును, అమ్మరాదు. మన లావుని పట్టా వంటిదే. 1992 సవరణ తరువాత ఎహీదో భూమిని విడిగా నమోదు చేసుకొని అమ్ముకొనే వీలు వచ్చినది. తీరము నుండి 50 కిలోమీటర్ల లోపు భూమిని విదేశీయులు నేరుగా కొనరాదని అదే అధికరణము చెప్పుతుంది. బ్యాంకు పేరున ట్రస్టుగా ఉంచి అనుభవించే పద్ధతి అక్కడ నడుస్తున్నది. అమ్మరాని భూమి కూడా కాగితము మీద మరొక పేరుతో చేతులు మారే చాతుర్యము తెలంగాణకు మాత్రమే పరిమితము కాదు.

కౌలుదారు

ఐలమ్మ కాలములో ఉన్న కౌలు నేటికీ ఉన్నది. ఇప్పుడు భూమి ఇచ్చేవాడు మల్లంపల్లి దొర కాకపోవచ్చును. హైదరాబాదులో ఉద్యోగము చేసుకొంటున్న చిన్న పట్టాదారు కావచ్చును. ఒప్పందము నోటిమాట. కౌలు నగదు రూపములో చాలాచోట్ల ముందే చెల్లించాలి. వ్రాసి ఇస్తే భూమి పోతుందేమోనని యజమాని భయము. 1950 చట్టము ఆ భయమునకు ఒక కారణము. వ్రాత లేనందున కౌలుదారుకు బ్యాంకు పంట రుణము దొరకదు. పంట నష్ట పరిహారము పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఉమ్మడి రాష్ట్రములో 2011లో చేసిన చట్టము కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వవలెనని చెప్పినది. భూమిపై హక్కు ఏదీ రాదని యజమానికి హామీ కూడా ఇచ్చినది. 2018 నాటి రైతుబంధులో గాని, 2025 జనవరిలో ఎకరమునకు ఒక్కొక్క పంటకు 6,000 రూపాయలతో వచ్చిన రైతుభరోసాలో గాని సొమ్ము పట్టాదారు పాసు పుస్తకమును బట్టియే చెల్లించారు. కౌలు పొలము దున్నిన రైతు పేరు ఆ జాబితాలలో లేదు.